తిండి తెలిసింది, విషం పేరు తెలియలేదు: మినమాత కేసు

1957 సెప్టెంబర్ 11న జపాన్ ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి కుమమోతో ప్రాంతీయ ప్రభుత్వానికి ఒక జవాబు వెళ్లింది. అందులో ముఖ్యమైనవి రెండే అంశాలు. మినమాత అఖాతంలో ఫలానా ప్రాంతంలో పట్టిన చేపలు, పీతలు, గుల్లలు తింటే కారణం తెలియని నాడీ వ్యాధి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని తినవద్దని ప్రజలకు నచ్చజెప్పండి అన్నది మొదటిది. అయితే అక్కడి చేపలు, గుల్లలు అన్నీ విషపూరితమయ్యాయనడానికి స్పష్టమైన ఆధారం లేదు కాబట్టి, ఆహార పారిశుద్ధ్య చట్టం నాలుగో అధికరణ కింద వాటన్నిటినీ నిషేధించడం కుదరదన్నది రెండోది.

ఫుడ్ పాయిజనింగ్ దర్యాప్తుల్లోకి కొత్తగా వచ్చే వైద్యాధికారులకు నేను మొదట చదివించేది ఈ జవాబే. మినమాతను పరిశ్రమల కాలుష్యానికి ఉదాహరణగా అందరూ చెబుతారు. ఫ్యాక్టరీ, పాదరసం, వంకరపోయిన చేతుల ఫొటోలు, న్యాయస్థానాలు, చివరికి ఒక అంతర్జాతీయ ఒప్పందం. అందులో తప్పేమీ లేదు. కానీ మా వృత్తిలో ఉన్నవారు దాన్ని చదవాల్సిన తీరు వేరు. రోగులు జబ్బు పడింది ఫ్యాక్టరీ గాలి పీల్చి కాదు, నీళ్లు తాగి కాదు. భోజనం చేసి. కాబట్టి ఇది ఫుడ్ పాయిజనింగ్ కేసు. అలా చూస్తే, ఈ కేసులో తేల్చాల్సినది 1957 ఏప్రిల్‌కే తేలిపోయింది. ఆ తర్వాత జరిగినదంతా ఒక రసాయనం పేరు కోసం వేచి ఉండడం.

రోగులు

1956 ఏప్రిల్ చివరి వారం. మినమాతలోని చిస్సో ఎరువుల, రసాయనాల కంపెనీకి చెందిన ఆస్పత్రికి ఐదేళ్ల పాపను తీసుకొచ్చారు. నడక తూలుతోంది, మాట ముద్దగా వస్తోంది, మూర్ఛలు. రెండు రోజుల తేడాతో మూడేళ్లు నిండని ఆమె చెల్లెలికీ అవే లక్షణాలు. పొరుగింట్లో మరో బిడ్డకు కూడా అంతేనని తల్లి చెప్పింది. ఆస్పత్రి డైరెక్టర్ డాక్టర్ హొసోకవా హజీమె మే 1న స్థానిక ఆరోగ్య కేంద్రానికి సమాచారం ఇచ్చారు. కేంద్ర నాడీమండలానికి సంబంధించిన గుర్తు తెలియని వ్యాధి ప్రబలుతోందన్నది దాని సారాంశం. వ్యాధిని అధికారికంగా గుర్తించిన రోజుగా నేటికీ మే 1నే లెక్కిస్తారు.

ఆ సమాచారం పంపినది కంపెనీ ఆస్పత్రి వైద్యుడే అన్నది గుర్తుంచుకోవాలి. ఈయన మళ్లీ వస్తారు.

ఊళ్లోని వైద్యులు, ఆరోగ్య కేంద్రం, ఆస్పత్రి కలిసి పాత రికార్డులు తిరగేశారు. ఇది చాలా మంచి పని, ఇప్పటికీ ఏ దర్యాప్తులోనైనా తొలి వారంలో జరగాల్సిన పని. మెదడువాపు, మద్యపానం, సిఫిలిస్, వంశపారంపర్య లోపం అని రాసి మూసేసిన కేసుల్లో ఇదే వ్యాధి బయటపడింది. తొలి రోగి 1953 డిసెంబర్ నాటిదని తేలింది. 1956 అక్టోబర్ నాటికి 40 మంది రోగులు, వారిలో 14 మరణాలు.

లక్షణాలు మొదట వేళ్ల చివర్లలో, పెదవుల చుట్టూ తిమ్మిరితో మొదలయ్యేవి. చొక్కా గుండీలు పెట్టుకోవడం, వల ముడి వేయడం కష్టమయ్యేది. తర్వాత నడక అదుపు తప్పడం, వినికిడి తగ్గడం, చూపు చుట్టూ మూసుకుపోయి గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్నది మాత్రమే కనబడడం. తీవ్రమైన కేసుల్లో మూర్ఛలు, స్పృహ కోల్పోవడం, కొన్ని వారాల్లోనే మరణం. అంటువ్యాధి అనుకుని రోగులను వేరుగా ఉంచారు, ఇళ్లలో మందు చల్లారు. దాంతో ఊరు ఆ కుటుంబాలను వెలివేసినంత పని చేసింది. దుకాణంలో వాళ్ల చేతి డబ్బు ముట్టుకోవడానికి కూడా జంకారు.

పిల్లులు

ఈ కేసులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా తోచేది 1954 ఆగస్టులో కుమమోతో పత్రికలో వచ్చిన చిన్న వార్త. మోదో అనే జాలరి పల్లెలో పిల్లులు పిచ్చెత్తినట్టు గిరగిరా తిరిగి చచ్చిపోతున్నాయి, దాదాపు అన్నీ పోయాయి, ఎలుకలు పెరిగిపోయి వలలు కొరికేస్తున్నాయి, ఎలుకల మందు ఇప్పించండి అని పల్లెవాళ్లు నగర కార్యాలయాన్ని అడిగారు. అంటే తొలి బిడ్డ ఆస్పత్రికి రావడానికి దాదాపు రెండేళ్ల ముందే ఊరు ప్రభుత్వం దగ్గరకు వెళ్లింది. ప్రభుత్వానికి అది ఎలుకల సమస్యగా అందింది.

పిల్లి మనిషి ఇంట్లో మనిషి తిండే తింటుంది. జాలరి ఇంట్లో పిల్లి తినేది చేప తల, పేగులు, మిగిలిన గుల్ల మాంసం. బరువు తక్కువ కాబట్టి మనిషి కంటే ముందు పడిపోతుంది. ఆకాశం నుంచి కాకులు రాలిపడడం, ఒడ్డున చేపలు తేలడం, రాళ్లకు అంటుకున్న గుల్లలు నోరు తెరుచుకుని ఉండిపోవడం కూడా జనం చూశారు. పశువైద్యుడి దగ్గరున్న సమాచారాన్ని మనుషుల వైద్యుడు అడగాలన్న నియమం మా దర్యాప్తు పత్రాల్లో నేటికీ సరిగ్గా లేదు. ఒక గడి ఉంటుంది, దాన్ని ఖాళీగా వదిలేస్తారు.

1956 ఆగస్టులో కుమమోతో విశ్వవిద్యాలయం పరిశోధక బృందాన్ని ఏర్పాటు చేసింది. వాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. రోగులు అఖాతం ఒడ్డు పల్లెల్లోనే గుంపుగా ఉన్నారు. ఎక్కువమంది జాలరి కుటుంబాలు. జ్వరం లేదు. ఒక ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు పడుతున్నారు కానీ వాళ్లను చూసుకుంటున్న నర్సులకు రావడం లేదు. రోగులున్న ఇళ్లలో పిల్లుల చావులు ఎక్కువ. అఖాతంలో పట్టిన చేపలు, గుల్లలు బాగా తినేవారికే జబ్బు. నవంబర్‌లో బృందం తన అభిప్రాయం చెప్పింది: ఇది అంటువ్యాధి కాదు, ఏదో భారలోహం వల్ల కలిగిన విషప్రభావం, అది ప్రధానంగా చేపలు, గుల్లల ద్వారానే ఒంట్లోకి చేరుతోంది.

ఆరు నెలల్లో ఇంత దూరం రావడం గొప్ప పని. ఆ తర్వాత ఆరోగ్య కేంద్రం డైరెక్టర్ ఇతో హసువో 1957 వసంతంలో పిల్లులకు మినమాత అఖాతం చేపలు, గుల్లలు పెట్టి చూశారు. ఏప్రిల్‌లోనే పిల్లుల్లో అదే జబ్బు వచ్చింది. విషం తిండిలో ఉందని, ఆ తిండి ఫలానా చోటిదని ఇంతకంటే గట్టిగా చెప్పగల పరీక్ష ఏ దర్యాప్తులోనూ దొరకదు.

నిషేధం దాకా వచ్చి ఆగిన చోట

కుమమోతో అధికారులు ఊరికే కూర్చోలేదు. వాళ్లకు ఒక పూర్వ ఉదాహరణ కూడా తెలుసు. షిజువోకా ప్రాంతంలోని హమనా సరస్సులో 1942లో చిన్న ఆల్చిప్పలు తిని వందమందికి పైగా చనిపోయారు. 1949లో అక్కడ మళ్లీ విషప్రభావం కనబడినప్పుడు, ఆ విషం ఏమిటో తెలియకపోయినా, ప్రాంతీయ ప్రభుత్వం ఆహార పారిశుద్ధ్య చట్టం కింద ఆల్చిప్పల అమ్మకాన్ని ఆపేసింది. ఏ తిండి వల్ల వస్తోందో తెలుసు. అది చాలింది.

కుమమోతో అధికారులు షిజువోకాకు రాసి ఆ వివరాలు తెప్పించుకున్నారు. 1957 జూలైలో చట్టాన్ని వాడాలని నిర్ణయించుకున్నారు. ఆగస్టులో మంత్రిత్వ శాఖ అభిప్రాయం అడిగారు. సెప్టెంబర్‌లో నేను మొదట చెప్పిన జవాబు వచ్చింది.

ఆ జవాబులోని తర్కాన్ని కాస్త నిదానంగా చూడాలి. ‘అన్నీ విషపూరితమయ్యాయనడానికి’ ఆధారం లేదట. ఏ ఫుడ్ పాయిజనింగ్‌లోనైనా అన్నీ విషపూరితమయ్యాయని ఎవరు రుజువు చేయగలరు? పెళ్లి భోజనంలో వంద మందికి వాంతులైతే, గిన్నెలోని ప్రతి మెతుకులోనూ విషం ఉందని తేలేదాకా వడ్డన ఆపకూడదా? మా పనిలో మొదటి ప్రశ్న ఏ తిండి అన్నది. ఏ క్రిమి, ఏ లోహం అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు రాగానే చేయాల్సిన పని మొదలవుతుంది, రెండో జవాబు చికిత్సకూ బాధ్యుణ్ని తేల్చడానికీ పనికొస్తుంది. మంత్రిత్వ శాఖ రెండింటినీ కలిపేసి, రెండోది రానిదే మొదటిదానికి విలువ లేదన్నట్టు రాసింది.

ఇది అమాయకపు పొరపాటని నేను అనుకోను. చేపలను నిషేధిస్తే తర్వాతి ప్రశ్న అవి ఎందుకు విషమయ్యాయన్నదే. అఖాతంలోకి పెద్ద కాలువతో వ్యర్థాలు వదులుతున్న ఫ్యాక్టరీ ఒక్కటే. ఆ పట్టణం బతుకుతున్నది దాని మీదే. యుద్ధం తర్వాత దేశానికి ప్లాస్టిక్కులు, ఎరువులు కావాలి. 1926లో, 1943లో కూడా జాలర్లకు కంపెనీ నష్టపరిహారం చెల్లించి ఉంది కాబట్టి కాలువ సంగతి ఎవరికీ కొత్త కాదు.

చట్టానికీ ఒక లోటు ఉంది, నిజాయితీగా చెప్పాలి. నాలుగో అధికరణ అడ్డుకునేది అమ్మకాన్ని. అఖాతం ఒడ్డు పల్లెల్లో జబ్బు పడినవారు బజారులో కొనుక్కుని తిన్నవారు కాదు. సొంత పడవలో పట్టింది, అలలు వెనక్కి వెళ్లినప్పుడు రాళ్ల మధ్య ఏరుకున్నది తిన్నవారు. చేపకు బేరం పోయాక ఇంట్లో వండుకోవడం ఇంకా పెరిగింది. కాబట్టి నిషేధం పెట్టి ఉంటే అందరూ బతికేవారని చెప్పలేను. కానీ నిషేధం వస్తే ఫుడ్ పాయిజనింగ్ దర్యాప్తు చట్టప్రకారం జరగాలి, తిన్నవారందరినీ లెక్కించాలి, ఉపాధి పోయినవారి సంగతి ఎవరో ఒకరు తేల్చాలి. ‘తినవద్దని నచ్చజెప్పండి’ అంటే ఇవేవీ ఎవరి మెడకూ చుట్టుకోవు. చేపలు పట్టడం ఆపుకోవడం జాలర్ల ఇష్టానికి వదిలేశారు. ఇంట్లో బియ్యం లేనివాడికి అది ఎంతవరకు ఇష్టమో ఊహించుకోవచ్చు.

పేరు కోసం వెతుకులాట

విశ్వవిద్యాలయం బృందం మాంగనీసుతో మొదలుపెట్టి, థాలియం, సెలీనియం వరుసగా అనుమానించింది. పాదరసం మీదకు చూపు పోవడానికి చాలా కాలం పట్టింది. అంత ఖరీదైన లోహాన్ని ఎవరు మాత్రం సముద్రంలో పారబోస్తారు? ఫ్యాక్టరీ లోపల ఏ ప్రక్రియలో ఏం వాడుతున్నారో బయటివారికి చెప్పలేదు. ప్రయోగశాలకు పంపిన నమూనా మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది. ఈ రోజు కూడా పీతల నమూనాను సీసం, కాడ్మియం అని రాసి పంపితే పాదరసం సంగతి రిపోర్టులో ఉండదు. చాలామంది ఆ రిపోర్టునే చూపించి ‘లోహాలు లేవు’ అంటారు.

1958లో బ్రిటిష్ నాడీవైద్యుడు డగ్లస్ మెకాల్పిన్ మినమాత రోగులను పరీక్షించి, ఇవి ఇంగ్లండ్‌లో విత్తనశుద్ధి మందులు తయారుచేసే కార్మికుల్లో 1940లో హంటర్, రసెల్ బృందం వర్ణించిన లక్షణాల్లా ఉన్నాయన్నారు. అక్కడి కారణం మిథైల్ మెర్క్యురీ, అంటే కార్బన్‌తో కలిసిన (సేంద్రియ) పాదరసంలో ఒక రకం. కుమమోతోలో శవపరీక్షలు చేసిన తకెవుచి తదావో కూడా మెదడులోని దెబ్బలను చూసి అదే దారిలో నడిచారు. 1959 జూలైలో బృందం సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించింది. కాలువ అఖాతంలో కలిసే చోట బురదలో పాదరసం 2,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 2,000 భాగాలు) దాటింది. అంతటి బురదలోంచి లోహాన్ని తిరిగి తీసి అమ్ముకోవచ్చు.

ఈలోగా ఒక దారుణం జరిగింది. 1958 సెప్టెంబర్‌లో కంపెనీ వ్యర్థాల కాలువను హ్యక్కెన్ రేవు నుంచి మళ్లించి మినమాత నది ముఖద్వారంలోకి వదిలింది. నది నీటితో కలిసి విషం అఖాతం దాటి షిరనూయి సముద్రమంతా పరుచుకుంది. కొన్ని నెలల్లోనే నది ముఖద్వారం దగ్గర, ఉత్తరాన సునాగి, అషికితా వైపు, దక్షిణాన కగొషిమా పరిధిలోని ఇజుమి వైపు కొత్త రోగులు కనబడ్డారు. దర్యాప్తుకు ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఉండదు: కాలువ కదిలింది, జబ్బు దాని వెంట కదిలింది. జనం మీద తెలియకుండా చేసిన ప్రయోగం అది. 1959 చివర్లో ప్రభుత్వం కాలువను పాత చోటికే మళ్లించమంది. మూసేయమనలేదు.

హొసోకవా కంపెనీ ఆస్పత్రిలో తన సొంత పరీక్షలు మొదలుపెట్టారు. ప్లాస్టిక్కుల తయారీకి పనికొచ్చే ఎసిటాల్డిహైడ్ అనే రసాయనాన్ని చేసే విభాగం వ్యర్థజలాన్ని తిండిలో కలిపి పెట్టిన 400వ నంబర్ పిల్లి 1959 అక్టోబర్‌లో అదే జబ్బుతో పడిపోయింది. యాజమాన్యం ఆ ఫలితాన్ని బయటకు రానివ్వలేదు. 1970లో క్యాన్సర్‌తో మంచం మీద ఉండి ఆయన దీన్ని న్యాయస్థానానికి వాంగ్మూలంగా చెప్పారు. ఆ ఏడాదే చనిపోయారు. కంపెనీ జీతం తీసుకుంటూ వ్యాధిని మొదట ప్రకటించిన మనిషి, అసలైన రుజువును పదేళ్లు మనసులో పెట్టుకున్న మనిషి, ఇద్దరూ ఒక్కరే. ఆయనను తిట్టేవారినీ పొగిడేవారినీ చూశాను. నేను రెండూ చేయలేకపోయాను.

1959 నవంబర్ 12న ఆరోగ్య మంత్రికి సలహా ఇచ్చే ఆహార పారిశుద్ధ్య మండలి, వ్యాధికి ప్రధాన కారణం అఖాతం చేపల్లో, గుల్లల్లో ఉన్న ఏదో సేంద్రియ పాదరస సమ్మేళనమని తేల్చింది. దానికోసం పనిచేసిన ఉపసంఘానికి పెట్టిన పేరులోనే ‘ఫుడ్ పాయిజనింగ్’ ఉంది. మర్నాడే ఆ ఉపసంఘాన్ని రద్దు చేశారు. పాదరసం ఎక్కడిదన్న మాట నివేదికలో లేదు. పరిశ్రమ వైపు నుంచి యుద్ధకాలంలో సముద్రంలో పడేసిన పేలుడు పదార్థాలు కారణమని ఒక వాదన, కుళ్లిన చేపల్లోని అమైన్లు కారణమని మరో వాదన వచ్చి పడ్డాయి. వాదన నిలబడనక్కర్లేదు, సందేహం నిలబడితే చాలన్నట్టు సాగింది.

డిసెంబర్‌లో ఫ్యాక్టరీలో వ్యర్థజలాల శుద్ధి యంత్రాన్ని ఆర్భాటంగా ప్రారంభించారు. మిథైల్ మెర్క్యురీని తొలగించడానికి దాన్ని తయారుచేయనే లేదు. అదే నెల 30న రోగులతో ‘సానుభూతి సొమ్ము’ ఒప్పందం కుదిరింది. వ్యాధికి కంపెనీయే కారణమని తర్వాత తేలినా మరింత అడగబోమని రోగుల చేత అందులో సంతకం పెట్టించారు. 1973 మార్చిలో కుమమోతో జిల్లా న్యాయస్థానం ఆ ఒప్పందం నైతికతకు విరుద్ధమని కొట్టేసింది. కానీ ఒప్పందం కుదిరిన తర్వాత కొన్నేళ్లపాటు దేశం దృష్టిలో మినమాత సమస్య ముగిసిపోయినట్టే లెక్క.

ఆ రసాయనాన్ని చివరికి పట్టిచ్చినవి గుల్లలే. 1960 తర్వాత కుమమోతో పరిశోధకులు అఖాతంలోని ఒక రకం ఆల్చిప్ప మాంసం నుంచి మిథైల్ మెర్క్యురీ సమ్మేళనాన్ని వేరుచేశారు. ఇరుకయమా కత్సురో బృందం ఫ్యాక్టరీ ఎసిటాల్డిహైడ్ విభాగపు మడ్డిలోనూ దాన్ని గుర్తించి 1963లో ప్రకటించింది. ఎసిటాల్డిహైడ్ తయారీలో ఉత్ప్రేరకంగా వేసిన పాదరసంలో కొంత భాగం ఆ పాత్రలోనే మిథైల్ రూపంలోకి మారుతోంది. 1932 నుంచి అంతే. తయారీ ఆగింది 1968 మేలో, పాత పద్ధతికి గిరాకీ తగ్గాక. ప్రభుత్వం అధికారికంగా ఒప్పుకున్నది ఆ సెప్టెంబర్ 26న. ఈలోగా 1965లో నీగతాలో మరో కంపెనీ కాలువ కింద ఇదే జబ్బు రెండోసారి బయటపడింది.

ఒక ప్లేటు లెక్క

విశ్వవిద్యాలయం బృందం కొలిచిన విలువల్లో ఆయిస్టర్‌లో పాదరసం 5.61 పీపీఎం, పీతలో 35.7 పీపీఎం. తక్కువదాన్నే తీసుకుందాం. వంద గ్రాముల ఆయిస్టర్ మాంసంలో 561 మైక్రోగ్రాములు. ఎఫ్ఏఓ, డబ్ల్యూహెచ్ఓల ఉమ్మడి నిపుణుల సంఘం 2003లో మిథైల్ మెర్క్యురీకి పెట్టిన హద్దు వారానికి, కిలో శరీర బరువుకు 1.6 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషికి వారానికి 96. కొలిచిన పాదరసంలో ఐదో వంతే మిథైల్ రూపంలో ఉందని బాగా తగ్గించి లెక్కేసినా 112 అవుతుంది. అంటే ఒక్క పూటతోనే వారం కోటా దాటింది. ఆ పల్లెల్లో పెద్దలు రోజుకు సుమారు 300 గ్రాముల చేప తినేవారు.

మిథైల్ మెర్క్యురీకి ఇంత బలం ఎక్కడిది? అది కొవ్వులో కాదు, మాంసకృత్తుల్లో అంటుకుంటుంది. కాబట్టి కొవ్వు తీసేసినా, ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. రుచి లేదు, వాసన లేదు. పేగుల్లో దాదాపు పూర్తిగా ఒంట్లోకి చేరుతుంది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో జతకట్టి, శరీరానికి అవసరమైన మిథియోనిన్ లాగా కనబడి, మెదడును కాపాడే పొరను దాటిపోతుంది. ఒంట్లోంచి సగం పోవడానికి సుమారు రెండు నెలలకు పైగా పడుతుంది, అంటే రోజూ తినేవాడికి చేరేది ఎక్కువ, పోయేది తక్కువ.

అన్ని లోహాలూ ఇలా ఉండవు. జింకు మోతాదు మించిన ఆయిస్టర్లు తింటే కొన్ని గంటల్లోనే వాంతి అవుతుంది, మనిషి ఆ తిండిని మళ్లీ ముట్టడు. కాడ్మియం మూత్రపిండాల్లో దశాబ్దాల పాటు పేరుకుంటుంది, రక్తంలో ఇనుము తక్కువగా ఉన్నవారిలో ఇంకా ఎక్కువగా చేరుతుంది. ‘గుల్లల్లో లోహాలు’ అని ఒకే మూటగా కట్టి మాట్లాడితే ఎవరికి, ఎప్పుడు, ఏం జరుగుతుందో చెప్పలేం.

మావి (ప్లాసెంటా) గర్భంలోని పిండాన్ని విషాల నుంచి కాపాడుతుందన్నది అప్పటి వైద్యుల నమ్మకం. చేపలే తినని చంటిబిడ్డలకు ఈ జబ్బు ఎలా వస్తుందని అడిగేవారు. ఆ పల్లెల్లో మెడ నిలవని, మింగలేని పిల్లలు వరుసగా పుడుతుంటే మెదడు పక్షవాతం అని రాశారు. తల్లులకు పెద్దగా జబ్బు లేదు. నిజానికి తల్లి తిన్న విషాన్ని బిడ్డ తీసుకుంది. 1962లో శవపరీక్షతో ఇది రుజువై పిల్లలకు రోగులుగా గుర్తింపు వచ్చింది. బొడ్డుతాడును ఎండబెట్టి దాచుకునే అలవాటు జపాన్ కుటుంబాల్లో ఉంది. వైద్యుడు హరదా మసజుమి తదితరులు ఆ తాళ్లను సేకరించి పాదరసం కొలిచారు. ఇరవై ఏళ్ల క్రితపు గర్భంలో ఏం జరిగిందో చెప్పగల నమూనాలు అవి.

జబ్బు ఎవరిది?

ఫుడ్ పాయిజనింగ్‌లో ఆ తిండి తిని, దానికి సరిపోయే లక్షణం ఉన్నవారందరూ రోగులే. మినమాతలో అలా లెక్కించలేదు. పరిహారం డబ్బు ముడిపడ్డాక రోగి కావడానికి దరఖాస్తు పెట్టుకోవాలి, కమిటీ ఒప్పుకోవాలి. 1977 ప్రమాణాల ప్రకారం చేతుల కాళ్ల తిమ్మిరి ఒక్కటే ఉంటే చాలదు, వేరే లక్షణాలు కూడా కలిసి ఉండాలి. అసలు తొలుత వచ్చేది, ఎక్కువమందిలో ఉండేది ఆ తిమ్మిరే. ధ్రువీకరణ పొందినవారు నీగతాతో కలిపి సుమారు 3,000 మంది. 1995 రాజకీయ పరిష్కారం, 2009 ప్రత్యేక చట్టం కింద సాయం పొందినవారు పదుల వేలల్లో ఉన్నారు. ఈ రెండు అంకెల మధ్య దూరమే ప్రమాణం ఎంత ఇరుకో చెబుతుంది. 2004లో సుప్రీం కోర్టు 1960 నుంచి వ్యర్థాలను అడ్డుకోనందుకు దేశ ప్రభుత్వానిది, కుమమోతో ప్రభుత్వానిది కూడా తప్పేనని తీర్పిచ్చింది. 2023 సెప్టెంబర్‌లో ఒసాకా జిల్లా న్యాయస్థానం గుర్తింపు దక్కని 128 మందిని రోగులుగా అంగీకరించింది.

1960లలో కుమమోతో ఆరోగ్య ప్రయోగశాల షిరనూయి తీరమంతా తిరిగి జనం వెంట్రుకల్లో పాదరసం కొలిచింది. దీవుల్లో ఉన్న ఒక మహిళకు 920 పీపీఎం వచ్చింది. ఆ సర్వే ఆగిపోయింది, ఆమెలాంటి వాళ్లకు వెంటనే చికిత్స అందలేదు. మోతాదు కొలిచారు, మనిషిని చూడలేదు.

అఖాతం నోటికి 1974లో వల కట్టారు, చేపలు బయటకు పోకుండా. 1977 నుంచి 1990 దాకా 25 పీపీఎం దాటిన బురదను తోడి, 58 హెక్టార్లు పూడ్చారు. చేపలు క్షేమమని ప్రకటించి వల తీసింది 1997లో. చేపలు, గుల్లలకు జపాన్ పాదరసం హద్దు పెట్టుకున్నది 1973లో: మొత్తం 0.4 పీపీఎం, మిథైల్ రూపంలో 0.3.

మన తీరంలో ఈ కేసును ఎలా చదవాలి

భారత ఆహార భద్రత చట్టం 2006లో 18వ సెక్షన్‌ను చదివితే 1957 నాటి ఉత్తరానికి జవాబులా ఉంటుంది. హాని జరిగే అవకాశం కనబడి, శాస్త్రీయంగా అనిశ్చితి మిగిలి ఉన్నా, తాత్కాలిక చర్యలు తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. 34వ సెక్షన్ కింద అత్యవసర నిషేధం ఉంది. ఫుడ్ పాయిజనింగ్ కేసులు తెలియజేయాలని వైద్యులను ఆదేశించే అధికారం 35వ సెక్షన్‌లో ఉంది. కాగితం మీద మన అధికారికి కుమమోతో అధికారి కంటే మెరుగైన ఆయుధాలున్నాయి.

కానీ అదే 18వ సెక్షన్ చివర్లో, రైతుకూ మత్స్యకారుడికీ, అతను తన పనిలో పట్టినదానికీ ఈ చట్టం వర్తించదని ఉంది. చిన్న మత్స్యకారుడిని లైసెన్సుల బెడద నుంచి కాపాడడానికి అలా పెట్టారు, అది సబబే. ఫలితం మాత్రం మినమాతలో ఉన్నదే. కాకినాడ అఖాతంలో, కోరింగ మడ అడవుల అంచున, ఏటి ముఖద్వారాల్లో పోటు తగ్గినప్పుడు ఆల్చిప్పలు, గుల్లలు ఏరి వండుకునే ఇల్లు ఏ తనిఖీ కిందకూ రాదు. ఎగుమతికి వెళ్లే రొయ్యను పొలిమేరలు దాటేలోపు ఎన్నోసార్లు పరీక్షిస్తారు. ఇంట్లో ఉడికే గుల్లను ఎవరూ పరీక్షించరు. నేను ఇక్కడ విషం ఉందని చెప్పడం లేదు. ఉంటే తెలిసే దారి లేదంటున్నాను.

అందుకే శిక్షణలో చట్టం కంటే ప్రశ్నల పట్టీ మీదే ఎక్కువ సమయం గడుపుతాను. తీరప్రాంతంలో తిమ్మిరి, తూలుడు, కారణం తెలియని మూర్ఛలు రెండు ఇళ్లలో కనబడితే ‘చేపలు తింటారా’ అని అడిగితే చాలదు. పెద్దలు కొన్న చేపను చెబుతారు. పిల్లలు రాళ్ల మీద ఏరి నిప్పుల్లో కాల్చుకుని తిన్న నత్తలను, అమ్మ పులుసులో వేసిన నాలుగు గుల్లలను ఎవరూ చేపల కింద లెక్కేయరు. కాబట్టి పేరుపేరునా అడగాలి: చేప, రొయ్య, పీత, ఆల్చిప్ప, నత్త. ఎక్కడ పట్టారు, ఎవరు ఏరారు, ఏ భాగం తిన్నారు, తల, కడుపు పారేశారా, పులుసు తాగారా. గర్భిణులు ఎవరు, ఎన్నో నెల. ఆ తర్వాత ఇంట్లో పిల్లి ఉందా, ఉంటే ఎలా ఉందో అడిగి, ఆ గడి నింపాలి.